బొమ్మలో తప్పు పట్టేది పక్కవాడి కన్నే

నిమ్మలకుంట తోలుబొమ్మల నుంచి మన పిల్లలు నేర్చుకోదగ్గ గీత పాఠం

ధర్మవరం: గీసే వాటన్నింటిలో మనిషి బొమ్మే కష్టం. చెట్టు కొమ్మ ఒకటి వంకరపోయినా అది చెట్టే. కొండ కాస్త కుంగినా కొండే. మనిషి చెయ్యి మాత్రం అర అంగుళం పొడుగైతే, ఏనాడూ పెన్సిలు పట్టని వాడు కూడా ‘ఇదేంది, ఇట్లుంది’ అంటాడు. ఎక్కడ తప్పిందో చెప్పలేకపోవచ్చు. తప్పిందని మాత్రం తడుముకోకుండా చెబుతాడు. పుట్టినప్పటి నుంచి మనుషుల్నే చూస్తున్న కన్ను గదా!

ఇంత కష్టమైన పనిని తరతరాలుగా కూటి విద్యగా చేసుకున్న వారు మన దగ్గరే ఉన్నారు. ధర్మవరం మండలం నిమ్మలకుంటలోని తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలవి. ఇళ్లలో మరాఠీ యాస మాట్లాడుకుంటారు, తెర వెనుక నిలబడితే తెలుగు పద్యం ఎత్తుకుంటారు. దళవాయి, సిందే వంటి ఇంటిపేర్లు ఈ ఊరి నుంచి దేశమంతా తెలిశాయి. ఈ ఊరికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, ఉమ్మడి అనంతపురం వాసులెవరికీ అది పరాయి ఊరు కాదు.

బిరుదుల సంగతి పత్రికల్లో వచ్చింది. ఆట సంగతీ పలువురు రాశారు. ఆ చేతికి గీత ఎట్లా కుదురుతుందన్నది మాత్రం అంతగా చర్చకు రాని విషయం. ఊళ్లలో బొమ్మలు గీయాలని ఉబలాటపడే పిల్లలు కొదవలేరు. నోటు పుస్తకం వెనుక అట్టపైన ఎన్‌టీఆర్ బొమ్మనో, ఆంజనేయస్వామి బొమ్మనో గీసి చూపించే పిల్లవాడు ప్రతి బడిలోనూ ఒకడుంటాడు. వాడు పదో తరగతి దాటేసరికి ఆ చెయ్యి ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో తెలియాలంటే, నిమ్మలకుంటలో అది ఎందుకు ఆగలేదో చూడాలి.

తోలు మీద రబ్బరు పనిచేయదు

తోలుబొమ్మకు నేడు వాడేది ప్రధానంగా మేకతోలు. పూర్వం జింక తోలు కూడా వాడేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ మాట లేదు. తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుక గీకి, లోపలి కొవ్వు తీసి, మేకులు కొట్టి లాగి ఎండబెడతారు. ఎండాక అది నూనె కాగితం మాదిరి వెలుతురును లోనికి పంపుతుంది. పెద్ద బొమ్మకు మూడు నాలుగు తోళ్లు పడతాయి. ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోని తోలుబొమ్మలన్నింటిలో పెద్దవిగా పేరు పొందాయి. నిలబెడితే కొన్ని మనిషంత ఎత్తు ఉంటాయి.

అంత కష్టపడి సిద్ధం చేసిన తోలు మీద గీత గీయాలి. ఆపైన నల్ల సిరాతో దిద్దాలి. తరువాత చిన్న చిన్న ఉలులతో నగల చోట, అంచుల చోట చిల్లులు కొట్టాలి. ఒక్కసారి చిల్లు పడిందంటే దాన్ని పూడ్చే ఉపాయం లేదు. చిల్లులు మరీ దగ్గర దగ్గరగా పడితే తోలు చిరుగుతుంది. సిరా గీత పడ్డాక రబ్బరుతో తుడిచేస్తే పోదు. తోలుకు ఖరీదు ఉంది, దాన్ని శుభ్రం చేసిన రోజులకూ ఖరీదు ఉంది. కనుక తోలు ముందు కూర్చునే నాటికే చెయ్యి తయారై ఉండాలి.

అది ఎట్లా తయారవుతుంది? ఈ ఇళ్లలో పని ఒక్కరి చేతిలో ఉండదు. తోలు గీకేవారు ఒకరు, చిల్లులు కొట్టేవారు ఒకరు, రంగులు వేసే ఆడవాళ్లు మరికొందరు. పిల్లలు తొలుత రంగులు నింపడంతో, సులువైన చోట్ల చిల్లులు కొట్టడంతో మొదలు పెడతారు. మనిషి గీత తరువాత వస్తుంది. అంటే సొంతంగా ఒక రాముణ్ణి గీయకముందే ఆ పిల్లవాడు ఎందరో రాముళ్ల భుజం వంపు మీద కుంచె నడిపి ఉంటాడు. నాయన గీసిన గీతనే పదే పదే వేలితో తడిమి ఉంటాడు. బడిలో డ్రాయింగు నేర్పే పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఇదే. బడిలో మొదటి రోజే తెల్లకాగితం ఇచ్చి ‘గీయి’ అంటారు.

కీలు తెలిస్తేనే ఒళ్లు తెలిసేది

తోలుబొమ్మ ఒకే ముక్క కాదు. తల, మొండెం, భుజం నుంచి మోచేయి, మోచేయి నుంచి వేళ్లు, తొడ, పిక్క వేర్వేరుగా కోసి దారంతో ముడివేస్తారు. నాట్యమాడే బొమ్మకు కీళ్లు మరికొన్ని ఎక్కువ. ముడి వేసే చోటు బొటనవేలి మందం పక్కకు జరిగిందనుకోండి, విల్లు ఎత్తాల్సిన రాముడి చెయ్యి చెవి వెనక్కి పోతుంది. అందువల్ల తోలుబొమ్మ గీసేవాడు మనిషిని బట్టలతో, నగలతో చూడడు. ముందు కీళ్లతో చూస్తాడు.

బొమ్మలు నేర్చుకునే ఏ పిల్లవాడికైనా ఇంతకంటే మంచి మొదటి పాఠం దొరకదు. ముఖంతో మొదలుపెట్టి, కనురెప్పల దాకా దిద్ది, ఆపైన కాగితం చాలక కాళ్లు కురచ చేయడం కొత్తవారందరూ చేసే పనే. దానికి బదులు ముందు చుక్కలు పెట్టాలి. మెడ, రెండు భుజాలు, మోచేతులు, మణికట్లు, నడుము, మోకాళ్లు, చీలమండలు. ఆడపిల్లలకు ఇది మరీ సులువు. తెల్లవారి వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలిపే చెయ్యికి, మనిషికి చుక్కలు పెట్టి ఒళ్లు కలపడం ఎంత పని! నిజానికి మన ఊళ్లలో రోజూ గీత సాధన చేస్తున్నవారు ఎవరైనా ఉంటే అది ఆడవాళ్లే. దాన్ని ఎవరూ బొమ్మల విద్య అనరు, అంతే.

కొలత సంగతి కూడా చెప్పుకోవాలి. ఎదిగిన మనిషి నిలబడితే తలతో కొలిచినప్పుడు సుమారు ఏడున్నర తలల ఎత్తు ఉంటాడు. చిన్న పిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. మన శిల్పశాస్త్రం ముఖం పొడవును తాళం అంది. దేవతామూర్తులకు నవతాళం, దశతాళం అని లెక్క చెప్పింది. తోలుబొమ్మ ఈ లెక్కలకు అచ్చంగా లోబడదు. చాలా బొమ్మల్లో ముఖం పక్క నుంచి కనిపిస్తుంది, కన్ను మాత్రం ఎదుటి నుంచి చూసినట్లు బారుగా విచ్చుకుని ఉంటుంది. తెరకు అల్లంత దూరాన, చాప పరచుకుని కూర్చున్న ముసలవ్వకు కూడా ఆ కన్ను కనబడాలి గదా. లెక్క తప్పడం వేరు, తెలిసి లెక్క దాటడం వేరు. నేర్చుకునే వారు ముందు ఏడున్నర తలల దగ్గర కొన్నాళ్లు ఉండటం మంచిది.

రెండు వైపులా నిలబడాల్సిన బొమ్మ

అసలు విషయం ఇక్కడుంది. కాగితం మీద బొమ్మను ఒక వైపు నుంచే చూస్తాం. తోలుబొమ్మను రెండు వైపుల నుంచీ చూడాలి. తెర మీద రాముడు కుడికి నడవాలంటే ఒక తీరు, ఎడమకు తిరగాలంటే బొమ్మను తిప్పి పెట్టాలి. అందుకే రంగు రెండు వైపులా వేస్తారు. ఒక వైపు చూసినప్పుడు కంటికి అలవాటైపోయి దాగిన తప్పు, తిప్పి పెట్టగానే బయటపడుతుంది. వంగిన ముక్కు, జారిన భుజం, ఒరిగిన కిరీటం అన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి.

పూర్వం తెర వెనుక ఆముదం దీపాలు పెట్టేవారు. తరువాత కరెంటు బల్బులు వచ్చాయి. దీపం వెలిగిందంటే తోలు మీద నల్లగీత మరింత నల్లగా, చిల్లులు ముత్యాల్లా తెల్లగా కనబడతాయి. పగలు ఇంటి అరుగు మీద బాగున్న బొమ్మ రాత్రి తెర మీద తేలిపోవచ్చు. బొమ్మ గీసిన ఇంటివారే దాన్ని ఆడించేవారు కూడా కావడంతో ఆ తప్పు వారి కంటనే పడేది. పైగా తెరకు అవతల ఊరంతా ఉండేది. సీత ముఖం బాగాలేదంటే ఊరుకునే ఊరా అది! కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి రాగానే నవ్వు రాకపోతే, మాటలోనైనా లోపం ఉండాలి, బొమ్మలోనైనా ఉండాలి.

ఇట్లా ప్రతి బొమ్మకూ రెండు పరీక్షలు ఉండేవి. ఇంట్లో పక్కన కూర్చుని పనిచేసే చిన్నాయన, అత్త, అన్న చూసేది ఒకటి. తెల్లవార్లూ మేలుకుని ఊరు చూసేది రెండోది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తోలుబొమ్మలను పేర్కొన్నాడంటే ఈ విద్య వయసు ఎంతో ఊహించుకోవచ్చు. అన్ని వందల ఏళ్లు గీత చెడకుండా నిలబెట్టింది ఒక్కరి ప్రతిభ కాదు. పక్కన కూర్చున్నవాడు నోరు మూసుకోకపోవడమే.

ఆట తగ్గి దీపం బొమ్మ పెరిగింది

మన సీమలో వాన మొగం చాటేస్తే విరాటపర్వం ఆడించే ఆచారం ఉండేది. ఆడిస్తే వాన పడుతుందని నమ్మకం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే జిల్లాలో ఆ ఆటకు పిలుపులు రాకుండా ఉంటాయా? సినిమా హాలు వచ్చింది, టీవీ వచ్చింది, చేతిలోకి ఫోన్ వచ్చింది. ఊరి పిలుపులు తగ్గాయి.

కళాకారులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అదే తోలుతో దీపాల గుమ్మటాలు, గోడకు తగిలించే బొమ్మలు, తలుపు తెరలు చేసి ప్రదర్శనశాలల్లో అమ్ముతున్నారు. వేరుశెనగ ఎండిపోయిన ఏటికి కూడా ఇల్లు గడిపే పని అది. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆట ఆడించి రాత్రంతా గొంతు చించుకున్న కాలంలో వారికి దక్కినదేమిటో పెద్దలకు తెలుసు.

అయితే గీత విషయంలో ఒక చిక్కు వచ్చి పడింది. గుమ్మటం కొనేవాడికి నెమలి, ఏనుగు, పువ్వుల తీగ చాలు. అడిగిన బొమ్మనే వంద సార్లు గీయాలి. తోలు పారదర్శకం కనుక కింద పాత నమూనా పెట్టి పైన గీసుకుంటే పని తొందరగా తెమిలిపోతుంది. ఆ గీతలో తప్పు ఉండదు, నిజమే. కానీ ఆ చేతికి కొత్త బొమ్మ కట్టడం రాదు. కోపంతో లేచిన భీముణ్ణో, మూర్ఛపోయిన లక్ష్మణుణ్ణో కొత్తగా గీయమంటే కీళ్లు తెలిసిన చెయ్యి కావాలి. పైగా గుమ్మటం దూరదేశం పోతుంది. కొన్నవాడు ‘బాగుంది’ అంటాడు తప్ప భుజం జారిందని చెప్పడు. ఊరు చేసే పరీక్ష పోయింది. ఇక మిగిలింది ఇంట్లో పక్కన కూర్చునే వారి కన్ను. ఆట తెలిసిన పెద్దలు ఇళ్లలో ఉన్నన్నాళ్లూ ఆ కన్ను ఉంటుంది.

ఊళ్లో నేర్చుకోవాలంటే

తోలుబొమ్మల ఇంట పుట్టనివారు ఏం చేయాలి? పల్లె బడుల్లో డ్రాయింగు మాస్టరు ఉన్నది తక్కువ చోట్లే. లోయర్, హయ్యర్ గ్రేడు డ్రాయింగు పరీక్షలు ఉన్నాయని కూడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఫ్లెక్సీలు వచ్చాక గోడల మీద, బోర్డుల మీద రాసే పెయింటర్ల దుకాణాలు మూతపడ్డాయి. ఒకప్పుడు ఆ దుకాణాల దగ్గర కుంచెలు కడుగుతూ నేర్చుకున్న కుర్రవాళ్లు ఎందరో. ఆ దారీ మూసుకుంది. కాని గుళ్లకు గోపురం బొమ్మలు చేసేవారికి, ధర్మవరం చీరలకు గళ్ల కాగితం మీద డిజైను వేసేవారికి మనిషి, జంతువు గీత వచ్చిన చెయ్యి ఇప్పటికీ కావాలి.

గురువు దొరకనప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చోవడమే దారి. దీనికి పెద్ద ఉదాహరణ గోదావరి ఒడ్డున ఉంది. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు 1897లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. అంత తక్కువ బతుకులో అంత పెద్ద చిత్రకారుడు కావడానికి బొంబాయి జె.జె. కళాశాల చదువు ఎంత కారణమో, అంతకుముందు ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చుట్టూ చేరిన మిత్రబృందం కూడా అంతే కారణం. అడివి బాపిరాజు ఆ బృందంలోని వాడే. గీసింది ఒకరికొకరు చూపించుకునే అలవాటు లేకపోతే ఆ చెయ్యి అంత త్వరగా పండేది కాదని నా అభిప్రాయం.

సాధనకు ఖర్చు అక్కర్లేదు. పలక, బలపం, పొయ్యిలో బొగ్గు చాలు. గీయడానికి మనుషులకు కరువా? కట్టె మీద గడ్డం ఆనించి నిలబడ్డ గొర్రెలకాపరి కదలడు. అంత ఓపికగా నిలబడే మనిషి పట్నంలో డబ్బిచ్చినా దొరకడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడి వీపు, బిందె చంక నెత్తుకున్న ఆడమనిషి నడుము ఒరిగే తీరు, శెనక్కాయలు ఒలిచేవారి వేళ్లు, బస్సు కోసం రావిచెట్టు కట్ట మీద కూర్చున్న పెద్దాయన మోకాళ్లు. ఒక్కొక్కరిని రెండు నిమిషాలకు మించి గీయవద్దు. పడమటి దేశాల కళాశాలల్లో కూడా ఎదుట మనిషిని నిలబెట్టి నిమిషం, రెండు నిమిషాల్లో గీయించే పాఠం ఉంది. తొందరలో కనురెప్పలు గీయడానికి తీరిక ఉండదు, ఒళ్లు నిలబడే తీరు మాత్రమే పడుతుంది. కావలసింది అదే. బిడియపడే వారిని, ముఖ్యంగా ఆడవాళ్లను అడగకుండా గీయరాదు. ఊళ్లో తగాదా తెచ్చుకోవడానికి బొమ్మ కారణం కాకూడదు.

ఇక చూపించుకోవడం. ఇందులో పల్లెల్లో రెండు బాధలున్నాయి. అమ్మ, జేజి ‘మా వాడు ఎంత బాగా గీసినాడో’ అంటారు. దానివల్ల గీత ఒక వెంట్రుకవాసి కూడా ముందుకు పోదు. రెండోది ఎగతాళి. ‘ఇది మనిషా, కోతా’ అని రచ్చకట్ట దగ్గర ఒకడు నవ్వితే ఆ పిల్లవాడు మళ్లీ కాగితం బయటికి తీయడు. పదో తరగతి తరువాత ఆగిపోయే చేతుల్లో చాలా వాటిని ఆపింది ఈ నవ్వే.

ఇద్దరు స్నేహితులు ఒకే మనిషిని ఒకే చోట కూర్చుని గీసి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడటం మేలు. అప్పుడు ఒకరి తప్పు ఇంకొకరి బొమ్మే చెబుతుంది, నోటితో అనాల్సిన పని తగ్గుతుంది. అనాల్సి వస్తే చోటు పేరు చెప్పి అనాలి. ‘బాగాలేదు’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘మోచెయ్యి నడుము కంటే కిందికి వచ్చింది చూడు’ అంటే వాడు తన చెయ్యి చాచి చూసుకుంటాడు, అర్థమవుతుంది. ఒక పూటకు ఒక్క తప్పు చాలు. ఐదారు ఏకరువు పెడితే ఏదీ దిద్దుకోలేరు. బొమ్మ కింద తేదీ వేసుకుని దాచుకోవాలి. దీపావళికి గీసింది ఉగాదికి తీసి చూస్తే ఎంత నడిచామో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

పక్కన ఎవరూ లేని రోజున నిమ్మలకుంట వారి కిటుకు ఉండనే ఉంది. కాగితాన్ని తిరగేసి ఎండకు ఎత్తి పట్టుకోవాలి. బొమ్మ వెనుక నుంచి, ఎడమ కుడి మారి కనిపిస్తుంది. అప్పుడది మనం గీసినట్లు ఉండదు, ఎవరో గీసినట్లు ఉంటుంది. వంకర ఎక్కడుందో కన్ను వెంటనే పట్టేస్తుంది. అద్దంలో చూసినా ఇదే ఫలితం.

లేపాక్షి పైకప్పు కింద

సాధన చేసేవారు ఒకసారి లేపాక్షి వెళ్లి రావడం అవసరం. నంది దగ్గర ఫొటో దిగి, వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి వచ్చేయడం కాదు. తల ఎత్తి మండపాల పైకప్పు చూడాలి. 16వ శతాబ్దంలో, విజయనగరం అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) వేసిన చిత్రాలవి. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో వరుసగా నిలబడి ఉంటారు. శివపార్వతులు, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం ఉన్నాయి. ఒక్కో మనిషిని చుట్టిన గీతను మెడ నుంచి మడమ దాకా కంటితో వెంబడించండి. చీర కుచ్చిళ్ల కింద మోకాలు ఎక్కడుందో తెలుస్తుంది. పక్కకు తిరిగిన ముఖాలు, బారెడు కళ్లు చూస్తే తోలుబొమ్మలకు ఇవి దాయాదులని ఎవరూ చెప్పనక్కర్లేదు. లతామండపం స్తంభాల మీది తీగలు ధర్మవరం చీర అంచుల్లోకి దిగిన సంగతి నేతగాళ్లకు తెలిసిందే.

అక్కడ గీసుకోవాలంటే నోటు పుస్తకం, పెన్సిలు తీసుకెళ్లి గోడలను తాకకుండా కూర్చుంటే చాలు. ఉదయం పూట రద్దీ తక్కువ. వెంట ఒకరిని తీసుకెళ్లండి, ఒకే బొమ్మను ఇద్దరూ గీయండి. మెడ కాసేపటికే నొప్పెడుతుంది. గీసింది ఒకరిది ఒకరు మార్చుకుని చూసుకోవడానికి ఆ విరామం పనికొస్తుంది.